మూడు మూలల చెక్కకు విస్తీర్ణము కట్టుట: ‘ఉన్నతి’ అనగా ఏమి?

కాలువ గట్లు, రోడ్లు, రైలు కట్టలు, వాగులు వాలుగా పోయిన చోటనెల్ల వాటి ప్రక్కన మూడు మూలల చెక్కలు మిగులును. పొడవును వెడల్పుతో హెచ్చవేసి పలకగా ఉన్న మడి విస్తీర్ణమును నోటితో చెప్పగల రైతు కూడ ఇట్టి చెక్క వద్దకు వచ్చునప్పటికి తడబడును. దీనికి పొడవేది? వెడల్పేది? మూడు గట్లున్నవి, మూడింటి కొలతలును వేరు. కొందరు రెండు గట్లను హెచ్చవేసి సగము చేయుదురు. మరికొందరు రెండు గట్లకు సగటు తీసి, దానిని మూడవ గట్టులో సగముతో హెచ్చవేయుదురు. రెండును చూచుటకు సబబుగానే కనుపించును. కాని రెండింటి వలనను రైతు లెక్క సాధారణముగా ఒకే వైపునకు తప్పును. ఉన్న భూమికంటె ఎక్కువ భూమి ఉన్నట్లు తేలును.

కౌలు ఇచ్చువానికి ఈ తప్పు లాభము, పుచ్చుకొనువానికి నష్టము. దుక్కికి, కోతకు ఎకరము లెక్కన కూలి చెల్లించువాడు లేని భూమికి కూలి ఇచ్చుకొనును. విత్తనము, ఎరువు, కలుపు మందు లేని భూమికి కొని ఉన్న భూమిలో పోయును. ఇన్నిటికిని మూలము ఒక్క మాట సరిగా తెలియకపోవుట. ఆ మాట ‘ఉన్నతి’. పాఠశాలలో చాలమంది చదివినదే. పొలములో దాని ఉపయోగము ఎట్టిదో ఇచ్చట వివరింతుము.

ఉన్నతి అనగా మెరక కాదు

ఉన్నతి యనగానే రైతునకు మెరక, పల్లము గుర్తుకు వచ్చుట సహజము. ఈ ఉన్నతికిని మెరకకును సంబంధము లేదు. ఇది నేల మీద పరచి ఉండు కొలత. మూడు మూలల చెక్కలో ఒక గట్టును అడుగు గట్టుగా ఎంచుకొనుడు. ఎదుట ఒక మూల మిగులును. ఆ మూల నుండి అడుగు గట్టు వరకు, దానికి తిన్నగా, అనగా మూలమట్టము పెట్టినట్లు వచ్చు గీత యొక్క పొడవే ఉన్నతి. లంబము అనియు, ఎత్తు అనియు దీనినే అందురు. మేస్త్రి గోడకు వ్రేలాడదీయు గుండు దారము నేలను ఏ విధముగా తాకునో, ఆ మూల నుండి ఈ గీత అడుగు గట్టును ఆ విధముగా తాకవలెను. ప్రక్కలకు వాలరాదు.

ఎదుటి మూలకు లెక్కల పుస్తకములలో శీర్షమని పేరు. అడుగు గట్టునకు ‘భూమి’ యని పేరు. రైతుకు భూమియనగా చెక్క మొత్తము. గణితమునకు ఒక్క గట్టు మాత్రమే. మాటలు ఇట్లు కలిసిపోవుటకు కారణము లేకపోలేదు. మన ప్రాచీన గణితములో బొమ్మకు ‘క్షేత్రము’ అని పేరు, పొలమునకును అదే పేరు.

మూడు గట్లలో దేనినైనను భూమిగా తీసికొనవచ్చును. ఏ గట్టును తీసికొన్న దాని ఉన్నతి దానిదే. కావున ఒక చెక్కకు మూడు ఉన్నతులుండును. విస్తీర్ణము మాత్రము ఒక్కటే: భూమిని ఉన్నతితో హెచ్చవేసి అందులో సగము. ఈ సూత్రము క్రొత్తది కాదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటుని గ్రంథములోనే ఇది ఉన్నది.

సగము ఎందుకు? ఒక దీర్ఘ చతురస్రపు కాగితము తీసికొని, పై అంచున ఎక్కడనో ఒకచోట చుక్క పెట్టుడు. ఆ చుక్క నుండి క్రింది రెండు మూలలకు గీతలు గీచి కత్తిరించుడు. నడుమ ఒక త్రిభుజము, ప్రక్కల రెండు ముక్కలు వచ్చును. ఆ రెండు ముక్కలను త్రిప్పి త్రిభుజముపై పేర్చినచో అది సరిగా కప్పబడును. అనగా త్రిభుజము కాగితములో సగము. కాగితపు పొడవు త్రిభుజమునకు భూమి, కాగితపు వెడల్పు త్రిభుజమునకు ఉన్నతి. చుక్కను పై అంచున ఎడమకు జరిపినను కుడికి జరిపినను సగమే వచ్చును. ప్రక్క గీతలు పెరుగును, తరుగును, విస్తీర్ణము కదలదు. ప్రక్క గట్లు రెండింటిని మాత్రము కొలిచి హెచ్చవేసి విస్తీర్ణము చెప్పరాదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ఒక చెక్క లెక్క

ఒక చెక్క మూడు గట్లును 300, 280, 260 అడుగులు అనుకొందము. 300 అడుగుల గట్టును భూమిగా పెట్టుకొని ఎదుటి మూల నుండి లంబము కొలిచిన 224 అడుగులు వచ్చును. 300ను 224తో హెచ్చవేయగా 67,200. అందులో సగము 33,600 చదరపు అడుగులు. సెంటుకు 435.6 చదరపు అడుగులు. కావున ఈ చెక్క 77 సెంట్లు. గుంటలలో లెక్కించువారు గుంటకు 1,089 చదరపు అడుగుల వంతున భాగించవలెను. 31 గుంటలకు ఇంచుక తక్కువగా తేలును.

ఇక ప్రక్క గట్ల సగటు లెక్క చూడుడు. 280, 260లకు సగటు 270. అడుగు గట్టులో సగము 150. హెచ్చవేయగా 40,500 చదరపు అడుగులు, అనగా 93 సెంట్లు. పదహారు సెంట్ల భూమి కాగితము మీద పుట్టినది. రెండు చిన్న గట్లను హెచ్చవేసి సగము చేసినవారికి 36,400 చదరపు అడుగులు, సుమారు 83½ సెంట్లు వచ్చును. ఇదియు ఎక్కువే.

ఎందుకు ఎక్కువగా తేలుననగా, ఒక మూల నుండి ఒక గట్టునకు పోవు దారులన్నిటిలో లంబమే దగ్గరి దారి. ప్రక్క గట్లు రెండును అదే మూల నుండి అదే గట్టునకు పోవు వాలు దారులు. వాలు దారి దగ్గరి దారికంటె పొట్టిది కాజాలదు. కావున ఉన్నతికి బదులు ప్రక్క గట్ల సగటును వేసినచో ఎప్పుడును ఎక్కువయే వచ్చును. రెండు గట్లను హెచ్చవేసి సగము చేయు లెక్క ఒక్క సందర్భమున మాత్రము ఒప్పు. ఆ రెండు గట్లు కలియు మూల సరిగా మూలమట్టముగా ఉన్నప్పుడు ఒక గట్టునకు రెండవ గట్టే ఉన్నతి యగును.

ఈ సగటు లెక్క మన రైతులు కల్పించినది కాదు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు ఎదురెదురు భుజముల సగటులను హెచ్చవేయు పద్ధతిని చెప్పి, దానిని స్థూల ఫలమని పేర్కొని, సూక్ష్మ ఫలమునకు వేరొక పద్ధతి చెప్పినాడు. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడును వ్యావహారిక గణితమును, సూక్ష్మ గణితమును వేరుచేసి చూపినాడు. ఆయన గణితమునే పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చినాడు. పెద్దలు ‘ఇది ఉజ్జాయింపు’ అని హెచ్చరించి ఇచ్చిన దానిని మనము హెచ్చరిక విడిచి లెక్కను మాత్రము పట్టుకొంటిమి. ఆ లెక్క నిలిచి ఉండుటకు కారణము కూడ ఊహింపవచ్చును. గట్ల మీద నడచి కొలిచిన చాలును, పైరులో దిగనక్కరలేదు.

పొలములో ఉన్నతిని పట్టుట

దీనికి సర్వేయరు పనిముట్లు అక్కరలేదు. ఒక టేపు, కొంత పురికొస, నాలుగు మేకులు, ఇద్దరు మనుషులు చాలును.

మొదట అన్నిటికంటె పొడవైన గట్టును భూమిగా ఎంచుకొనుడు. ఇది ముఖ్యము. పొడవైన గట్టును ఎంచుకొన్నచో లంబము తప్పక చెక్క లోపలనే పడును. చిన్న గట్టును ఎంచుకొన్నచో, చెక్క బాగుగా వాలి ఉన్నప్పుడు, లంబము గట్టు చివర దాటి పొరుగువాని పొలములో పడవచ్చును. అప్పుడు పురికొసను గట్టు వెంబడి తిన్నగా పొరుగు పొలములోనికి సాగదీసి అచ్చట కొలవవలసివచ్చును. లెక్క తప్పు కాదు గాని, పొరుగువాడు ఏమనుకొనునో చెప్పలేము.

పొడవైన గట్టు రెండు చివరల మేకులు పాతి, వాటి నడుమ పురికొసను బిగించి కట్టుడు. ఎదుటి మూల వద్ద ఒకరు టేపు సున్నాను మేకుకు ఆనించి పట్టుకొనవలెను. రెండవవారు టేపును బిగువుగా పట్టుకొని పురికొస వెంబడి నడవవలెను. టేపు పురికొసను దాటు చోట అంకె చూచుచుండవలెను. అంకె తగ్గుచు తగ్గుచు వచ్చి, ఒక చోట నిలిచి, మరల పెరుగనారంభించును. అన్నిటికంటె తక్కువ అంకెయే ఉన్నతి.

ఈ పద్ధతిలో ఒక సుగుణమున్నది. ఉన్నతి 100 అడుగులున్న చోట మీరు లంబము పాదమునకు 5 అడుగులు ప్రక్కగా నిలిచి కొలిచినను అంకె 100 అడుగుల ఒకటిన్నర అంగుళములు మాత్రమే వచ్చును. కావున సరిగా ఎచ్చట నిలువవలెనని ఆందోళన పడనక్కరలేదు. టేపు వదులుగా ఉండి మధ్య వ్రేలాడినచో వచ్చు తప్పు దీనికంటె ఎక్కువగా ఉండవచ్చును. శ్రద్ధ అంతయు బిగువు మీద పెట్టుడు.

లంబము పాదము ఎచ్చటనో ఖచ్చితముగా కావలసినవారికి వేరొక ఉపాయము. ఉన్నతికంటె కొంచెము పొడవైన త్రాడును మూల వద్ద కట్టి, దాని రెండవ కొనను పురికొస మీద ఎడమ ప్రక్క ఒకచోట, కుడి ప్రక్క ఒకచోట తాకించి గుర్తులు పెట్టుడు. రెండు గుర్తులకు సరిగా మధ్య స్థానమే లంబము పాదము. పైన చెప్పిన చెక్కలో 240 అడుగుల త్రాటితో ఇట్లు చేసినచో, 260 అడుగుల గట్టు ఉన్న చివర నుండి 46 అడుగుల వద్ద ఒక గుర్తు, 218 అడుగుల వద్ద ఒక గుర్తు పడును. మధ్య స్థానము 132 అడుగులు. తాపీ మేస్త్రులు మూలమట్టము సరిచూచుటకు ఉపయోగించు 3, 4, 5 కొలతల త్రాడుతోను ఈ పని చేయవచ్చును. 30, 40, 50 అడుగులుగా పెద్దది చేసికొన్న తప్పు తగ్గును.

వాలు నేలలో టేపును నేల మీద పరచి కొలవరాదు. రికార్డులలో వ్రాయు విస్తీర్ణము మట్టమైన విస్తీర్ణము. 100 అడుగుల వాలులో 20 అడుగులు ఎగువకు పోయిన నేల మట్టముగా 98 అడుగులే. పల్లపు వైపున ఉన్నవారు టేపును పైకెత్తి, మట్టముగా పట్టుకొని, కొద్దికొద్దిగా కొలుచుకొనుచు పోవలెను.

పైరు ఏపుగా ఉండి లోపల దిగుటకు వీలులేనప్పుడు, లేక నడుమ బావియో గుంటయో ఉన్నప్పుడు, మూడు గట్లతోనే సరియైన విస్తీర్ణము కట్టవచ్చును. మూడు గట్లను కూడి సగము చేయుడు. మన చెక్కకు 840లో సగము 420. దీనిలోనుండి ఒక్కొక్క గట్టును తీసివేయగా 120, 140, 160 మిగులును. 420, 120, 140, 160 ఈ నాలుగింటిని హెచ్చవేసి వర్గమూలము తీసినచో 33,600 వచ్చును. ఉన్నతితో వచ్చిన అంకె ఇదియే. వర్గమూలము చేతితో తీయుట శ్రమ గనుక ఒకప్పుడు దీనిని రైతులకు చెప్పుటకు జంకెడివారు. ఇప్పుడు ప్రతి సెల్ ఫోనులోను లెక్కల యంత్రమున్నది కనుక ఆ జంకు అక్కరలేదు.

నాలుగు గట్ల మడి

నాలుగు గట్లు కొలిచితిమి గనుక విస్తీర్ణము తెలిసినదని అనుకొనుట మరియొక పొరపాటు. నులక మంచమును తలచుకొనుడు. కీళ్లు వదులైన మంచము ఒక ప్రక్కకు ఒరుగును. పట్టెలు అవే, వాటి పొడవులును అవే. పడుకొను చోటు మాత్రము తగ్గినది. నాలుగు గట్లు 100 అడుగుల చొప్పున ఉన్న మడి సరిగా నాలుగు పలకలుగా ఉన్నచో 10,000 చదరపు అడుగులు. ఎదురు గట్టుకు లంబము 80 అడుగులు మాత్రమే ఉండునట్లు ఒరిగినచో 8,000. సగటు లెక్కకు ఈ రెండు మడులకును భేదము తెలియదు. మూడు కర్రలు కట్టిన చట్రము మాత్రము ఒరుగదు. అందువలననే ఏ పొలమునైనను త్రిభుజములుగా విడగొట్టి కొలుచుట ఆచారమైనది.

నాలుగు మూలల మడిలో ఒక మూల నుండి ఎదురు మూలకు పురికొస కట్టుడు. దీనిని కర్ణమందురు. మిగిలిన రెండు మూలల నుండి ఈ పురికొసకు రెండు లంబములు కొలువుడు. కర్ణమును రెండు లంబముల మొత్తముతో హెచ్చవేసి సగము చేసిన మడి విస్తీర్ణము వచ్చును. కర్ణము 320 అడుగులు, లంబములు 110, 130 అయినచో, 320ని 240తో హెచ్చవేసి సగము చేయగా 38,400 చదరపు అడుగులు, 88 సెంట్లు. గట్లు వంకరగా ఉన్నచో వంకరలో కొంత లోపలకు, కొంత బయటకు పోవునట్లు తిన్నని పురికొస కట్టుకొని కొలిచిన చాలును.

పంట కోత ప్రయోగములలో వరికి 5 మీటర్ల చదరము వేయునప్పుడు ఎదురు మూలల నడుమ 7.07 మీటర్లు ఉన్నదో లేదో చూచుట ఇందుకొరకే. నాలుగు ప్రక్కలు 5 మీటర్లే ఉన్నను చదరము ఒక మీటరు ప్రక్కకు ఒరిగినచో 25 చదరపు మీటర్లకు బదులు 24½ మాత్రమే కోతకు వచ్చును. ఆ గింజల తూకము మీద గ్రామము యొక్క దిగుబడి కట్టుదురు. బీమా పరిహారమును దాని మీదనే కట్టు పథకములు గలవు. మీ పొలములో ప్రయోగము జరుగునప్పుడు కర్ణము కొలుచునట్లు అడుగుట రైతుకు తగును.

ఎరువు, దిగుబడి లెక్కలలో భేదము

వరికి ఎకరాకు 48 కిలోల నత్రజని వేయుమని సిఫారసు ఉన్నదనుకొందము. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్లు గనుక ఎకరాకు 104 కిలోలు కావలెను. 77 సెంట్ల చెక్కకు 80 కిలోలు చాలును. దానిని 93 సెంట్లని నమ్మినవాడు 97 కిలోలు వేయును. 45 కిలోల బస్తాలో మూడవ వంతుకు పైగా వృథా. వృథాయైన బాగుండును, నత్రజని ఎక్కువైన వరి పడిపోవును, అగ్గితెగులునకు లొంగును, సుడిదోమను పిలిచినట్లగును. కలుపు మందుల విషయములో మోతాదు మించుట మరింత ప్రమాదము.

అంతకంటె పెద్ద నష్టము కంటికి కనపడదు. పై చెక్కలో 23 బస్తాల ధాన్యము పండినదనుకొనుడు. 93 సెంట్లని లెక్కించువానికి ఎకరాకు 25 బస్తాల లోపు తేలును. నిజమునకు అది ఎకరాకు సుమారు 30 బస్తాల పంట. మొదటి లెక్క నమ్మిన రైతు ఆ వంగడము మంచిది కాదని మరుసటి ఏడు విడిచిపెట్టును. నాటిన పద్ధతి దండుగయనును. ప్రక్కనున్న పలక మడిలో, విస్తీర్ణము సరిగా తెలిసినచోట, అంతకు తక్కువ పండిన వంగడమును మెచ్చుకొనును. వంగడములను పోల్చి చూచుటకు చిన్న చెక్కలలో వేసికొను రైతులు చాలమంది గలరు. అట్టివారు విత్తుటకు ముందే చెక్కను కొలిచి అంకెను పుస్తకములో వ్రాసిపెట్టుకొనవలెనని మా గట్టి అభిప్రాయము. పంట వచ్చిన తరువాత కొలుచువాని చేయి తన కోరిక వైపే మొగ్గును.

అన్నదమ్ముల పంపకము

మూడు మూలల చెక్కను పంచుకొనుటలో ఉన్నతి మిక్కిలి తోడ్పడును. ఎదుటి మూలలో బావియో, కాలువ తూమో ఉన్నదనుకొందము. ఇద్దరికిని నీరు అందవలెను. అడుగు గట్టును సరిగా సగము చేసి, ఆ మధ్య స్థానము నుండి తూము ఉన్న మూలకు గట్టు వేసిన చాలును. రెండు వాటాలును సమానమే. ఒక వాటాకు ప్రక్క గట్టు 280 అడుగులు, రెండవదానికి 260 అడుగులు ఉండుటచే చిన్నవాడు తనకు తక్కువ వచ్చినదని అలుగవచ్చును. అలుగనక్కరలేదు. రెండు వాటాలకును భూమి 150 అడుగులు, ఉన్నతి అదే 224 అడుగులు. ఒక్కొక్కటి 16,800 చదరపు అడుగులు. ఈ గీతకు మధ్యగతమని పేరు. ముగ్గురైనచో అడుగు గట్టును నూరేసి అడుగుల వంతున మూడు భాగములు చేసిన చాలును.

అడుగు గట్టునకు సమముగా అడ్డ గట్టు వేసి పంచుట అట్లు కాదు. ఉన్నతి సగములో, అనగా 112 అడుగుల వద్ద, గట్టు వేసినచో మొన వైపు వానికి నాల్గవ వంతు, వెడల్పు వైపు వానికి మూడు వంతులు పోవును. సమానముగా పోవలెనన్నచో మొన నుండి ఉన్నతి వెంబడి 158 అడుగుల 5 అంగుళముల వద్ద గట్టు పడవలెను. ఉన్నతిని 0.707తో హెచ్చవేసిన ఈ అంకె వచ్చును. నేల సారము, మెరక పల్లములు ఒకటిగా లేనప్పుడు విస్తీర్ణము సమానమైనంత మాత్రమున వాటాలు సమానము కావు. అది పెద్దమనుషులు చూడవలసిన విషయము. లెక్క దానిని తీర్చలేదు.

సర్వే పటము, సెల్ ఫోను

ఆంధ్ర జిల్లాలలో ఎఫ్.ఎం.బి. పటమును చూచిన రైతులకు పొలము నడుమ గీతలు, వాటికి అడ్డముగా చిన్న చిన్న గీతలు కనబడును. నడుమ గీతలే మనము చెప్పిన భూములు, కర్ణములు. అడ్డపు గీతలే లంబములు. వాటిని ఆఫ్‌సెట్లందురు. పాత పటములలో కొలతలు లింకులలో ఉండును. 66 అడుగుల గొలుసులో నూరవ వంతు ఒక లింకు. లింకులలో లెక్క మిక్కిలి తేలిక. 1,000 చదరపు లింకులు ఒక సెంటు. భూమి 400 లింకులు, లంబము 250 లింకులు ఉన్న త్రిభుజము 50,000 చదరపు లింకులు, అనగా 50 సెంట్లు. మెట్రిక్ పటములలో మీటర్లుండును, అప్పుడు 40.47 చదరపు మీటర్లు ఒక సెంటు. పటము చేతికి వచ్చినప్పుడు ముందుగా అది ఏ కొలతలో ఉన్నదో చూచుకొనుడు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో ప్రారంభమైన రీసర్వేలో ఉపగ్రహ సంకేతములనందుకొను రోవరులను ఉపయోగించినారు. అవి మూలల స్థానములను సెంటీమీటర్ల లెక్కలో పట్టును. సెల్ ఫోనుతో గట్టు చుట్టు నడచి విస్తీర్ణము చూచుకొనుట వేరు. ఫోను ఒక మూలను రెండు మూడు మీటర్లు అటునిటుగా చూపుట సామాన్యము. మన 77 సెంట్ల చెక్కకు అడుగు గట్టు 91 మీటర్లు. ఎదుటి మూల 3 మీటర్లు వెనుకకు జరిగినట్లు ఫోను చూపినచో 137 చదరపు మీటర్లు, అనగా మూడు సెంట్లకు పైగా భేదము వచ్చును. పది ఎకరముల కమతములో ఇది లెక్కకు రాదు. చిన్న చెక్కలలో టేపు, పురికొసలే మేలు.

కొలత సరిగా వచ్చినదో లేదో మీరే పరీక్షించుకొనవచ్చును. పొడవైన గట్టుతో ఒకసారి కట్టిన తరువాత రెండవ గట్టును భూమిగా పెట్టుకొని మరల ఉన్నతి కొలువుడు. మన చెక్కలో 300 అడుగులకు 224 వచ్చినది. 280 అడుగుల గట్టునకు 240 రావలెను. రెండింటిని హెచ్చవేసినను 67,200. మీ రెండు లెక్కలకు భేదము నూటికి ఒకటి లోపున ఉన్నచో అంకెను పుస్తకములో వ్రాసికొనుడు. అంతకు మించినచో పురికొసను మరల బిగించి, మేకులు కదలినవేమో చూచి, తిరిగి కొలువుడు.